సనద్ వేరు, ఇజాజత్ వేరు

మన ఇళ్ళల్లో బైపీసీ చదివిన ఆడపిల్ల ఉంటే ఆమె ముందు రెండే దారులు పెడతాం. నీట్‌లో ర్యాంకు వస్తే డాక్టర్, రాకపోతే నర్సింగ్. నర్సింగ్ అనగానే నైట్ డ్యూటీలనీ హాస్టల్ అనీ నానీమా గొణుగుడు మొదలవుతుంది. ఈలోగా ఎవరో ఒక రిష్తా తెస్తారు. పిల్లవాడు బెజవాడలో ఏసీ మెకానిక్, నమాజు తప్పడు, జహేజ్ అడగడు అంటారు. పిల్ల తాలీమ్ అక్కడితో సరి.

మా ఆపా కూతురు మూడో మాట తెచ్చింది. "మామూ, నేను డెంటల్ హైజీనిస్ట్ అవుతా" అంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. మా దూలాభాయ్ "అంటే పళ్ళ డాక్టరేనా బేటా?" అన్నారు. "కాదబ్బా, పళ్ళ గార తీసి శుభ్రం చేసేవాళ్ళు" అంది. మా అమ్మీ నవ్వాపుకోలేక "పళ్ళు తోమడానిక్కూడా చదువా?" అంది.

అమ్మీ వేసిన సవాల్ చిన్నది కాదు. దానికి జవాబు వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీ ఇంట్లోనూ ఇలాంటి బైపీసీ బిడ్డ ఉండొచ్చు కాబట్టి, నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందు ఈ పిచ్చి దానికెలా పట్టిందో చెప్పాలి. ఆపావాళ్ళది కోడూరు, దూలాభాయ్‌ది గాజుల వ్యాపారం. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో వేణుగోపాలస్వామి కల్యాణం జరుగుతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట స్నానాలకి దివిసీమంతా కదిలి వస్తుంది. ఆ తిరునాళ్ళలో దూలాభాయ్ కొట్టు పెట్టకుండా ఉన్న సంవత్సరం నాకు గుర్తు లేదు. ఆయన అబ్బా కూడా అక్కడే గాజులు తొడిగేవారు. మొన్నామధ్య తిరునాళ్ళలో ఒక డెంటల్ కాలేజీ వాళ్ళు వ్యాను తెచ్చి పళ్ళ పరీక్షలు పెట్టారు. పాలకాయతిప్ప నుంచి వచ్చిన చేపల ఆడవాళ్ళు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మనవాళ్ళు నలుగురైదుగురు బుర్ఖాల్లో వచ్చారు. లోపల మగ డాక్టర్ని చూసి వెనక్కి తిరిగారు. అప్పుడు వ్యానులోంచి ఒకావిడ దిగి, "నా దగ్గర కూర్చోండమ్మా, నేను చూస్తా" అని, గుడ్డ తెర కట్టించి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. టార్చి పట్టుకునే మనిషి లేకపోతే కొట్లో ఉన్న మా భాంజీని పిలిచారు. సాయంత్రం దాకా అది టార్చి పట్టుకుని నిలబడింది. వెళ్ళేటప్పుడు "మీరు డాక్టరా మేడమ్?" అని అడిగితే ఆవిడ "కాదమ్మా, హైజీనిస్ట్‌ని" అందట.

ఆ తెర మాట నాకు బాగా తగిలింది. మా ఫుప్పుకి ఇరవై ఏళ్ళ నుంచి షుగర్. చిగుళ్ళలోంచి రక్తం వస్తుంటే ఉప్పు నీళ్ళు పుక్కిలించి ఊరుకుంది. పరాయి మగవాడి ముందు నకాబ్ తీసి నోరు తెరవడం ఆమెకి మౌత్ కీ బాత్. యాభై దాటేసరికి ముందు పళ్ళు కదిలాయి, తర్వాత దవడ పళ్ళు. ఇప్పుడు బక్రీదుకి బోటీ నమలలేక షోర్బాలో రొట్టె నానబెట్టుకుని తింటుంది. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఈ ముక్క ఆమెకి ముప్పై ఏళ్ళ వయసులో ఒక ఆడమనిషి కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎలా ఉండేదో!

ఇక పళ్ళు తోమడానికి చదువెందుకన్న మాట. మనం రోజూ పొద్దున్నే తోమేది పాచి. మిస్వాక్ అయినా, వేప పుల్ల అయినా, బ్రష్ అయినా పాచినే తీస్తాయి. రోజూ సరిగ్గా తీయకపోతే అది ఉమ్మిలో ఉండే కాల్షియంతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. గార కట్టాక ఏ మిస్వాకూ దాన్ని కదిలించలేదు. సున్నత్ పాటించే ఇంట్లో పుట్టి మిస్వాక్ మీద ఇలా అంటున్నానని ఎవరూ ముఖం చిట్లించకండి. రోజూ వాడితే గార కట్టకుండా కాపాడుతుంది, కట్టిన గారని మాత్రం పనిముట్టుతోనే తీయాలి. చిగురు కిందికి పాకిన గారని చూడకుండా, చేతి స్పర్శతో కనిపెట్టాలి. సన్నటి కొలత కడ్డీతో చిగురుకీ పంటికీ మధ్య లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే. అంతకంటే లోతుంటే అక్కడ జబ్బు గూడు కట్టుకుందన్నమాట. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తప్పితే చిగురు చీరుకుపోతుంది. పనిముట్లు సరిగ్గా ఉడికించకపోతే ఒకరి రక్తంలోని కామెర్లు ఇంకొకరికి అంటుకుంటాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోకుండా ఈ పనిలో చెయ్యి పెట్టకూడదంటారు. ఇదంతా చెప్పాక అమ్మీ, "హునరే గదా" అంది. అమ్మీ నోట హునర్ అన్నమాట వచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

"గార తీయిస్తే పళ్ళు కదులుతాయి" అని మన ఆడవాళ్ళంతా నమ్ముతారు. అసలు పళ్ళు అంతకుముందే కదిలి ఉంటాయి. గార సిమెంటులా పట్టుకుని ఉండబట్టి తెలియదు. తీశాక సందులు కనపడతాయి, నాలుకకి తగులుతాయి, తప్పంతా తీసినవాళ్ళ మీద పడుతుంది. హైజీనిస్ట్ పనిలో సగం ఈ భయం పోగొట్టడమే అనుకుంటాను.

ఈ పని పుట్టింది కూడా ఆడవాళ్ళ చేతుల్లోనే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అని ఒక డెంటిస్టు ఉండేవాడు. పళ్ళు పుచ్చాక పీకడం కంటే పుచ్చకుండా చూడటం మేలని అతని వాదన. 1906లో తన క్లినిక్‌లో సహాయం చేసే ఐరీన్ న్యూమన్‌కి పళ్ళు శుభ్రం చేసే పని నేర్పాడు. 1913లో తన క్లినిక్ పక్కనున్న షెడ్డులో బడి పెట్టాడు. తర్వాత ఆ బడిలో చదివినవాళ్ళు స్కూళ్ళకి వెళ్ళి పిల్లల పళ్ళు చూడటం మొదలుపెట్టారు. 1917లో ఆ రాష్ట్రం మొదటి లైసెన్సు ఐరీన్ న్యూమన్‌కే ఇచ్చింది. లెక్క చూడండి. పని నేర్చిన పదకొండేళ్ళకి గానీ లైసెన్సు రాలేదు. హునర్ ఉస్తాద్ ఇస్తాడు, ఇజాజత్ ఇచ్చేది హుకూమత్.

సరిగ్గా ఈ తేడా దగ్గరే మా ఆపా ఇల్లు గుల్ల కాబోయింది.

నీట్‌లో ర్యాంకు రాలేదని తెలిసిన వారానికి ఎవరో ఒక కరపత్రం తెచ్చిచ్చారు. గుడివాడ వైపు ఒక సంస్థ, పేరు రాయను. ఆరు నెలల కోర్సు, చివర్లో డెంటల్ హైజీనిస్ట్ సర్టిఫికెట్, లైసెన్సు గ్యారంటీ, సౌదీలో ఉద్యోగం. ఫీజు ఎనభై ఐదు వేలు, సగం ముందే కట్టాలి. ఆపా తన నిఖాకి పెట్టిన ఝుమ్కాలు గిర్వీ పెట్టడానికి సిద్ధపడింది. శుక్రవారం జుమా అయ్యాక నేనూ దూలాభాయ్ అక్కడికి వెళ్ళాం. గోడకి మక్కా ఫొటో, టేబుల్ మీద ఖర్జూరాలు. చాలా అదబ్‌గా మాట్లాడాడు ఆ కుర్చీలో మనిషి.

నేను ఒకే ఒక్క సంగతి అడిగాను. "ఈ సనద్ తీసుకుని వెళ్తే స్టేట్ డెంటల్ కౌన్సిల్‌లో మా బిడ్డ పేరు హైజీనిస్ట్‌గా రిజిస్టర్ చేస్తారా జనాబ్?"

"అది తర్వాత సంగతి భాయ్, ముందు సీటు తీసుకోండి" అన్నాడు.

"ఈ కోర్సుని గుర్తించినట్టు కాగితం ఏదైనా ఉందా?"

ఫైలు తీసి చూపించాడు. అందులో సంస్థ రిజిస్ట్రేషన్ ఉంది, అంటే సొసైటీ పెట్టుకున్నట్టు రుజువు. ఏదో అంతర్జాతీయ నాణ్యతా సర్టిఫికెట్ అని బంగారు ముద్ర వేసిన కాగితం ఇంకోటి ఉంది. కోర్సుకి గుర్తింపు అన్నది లేదు. దూలాభాయ్ ఏమీ అనలేదు. లేచి, ఖర్జూరం తిన్న చెయ్యి రుమాలుకి తుడుచుకుని బయటికి వచ్చేశారు. బస్సులో మాత్రం "గాజు పగిలితే చప్పుడొస్తుంది, ఇట్లాంటివి పగిలితే చప్పుడు కూడా రాదు బావా" అన్నారు.

మన దేశంలో కానూన్ ఏమిటో ఇప్పుడు చెప్తాను. హైజీనిస్ట్ అన్న మాట మనకి కొత్తగానీ చట్టానికి కొత్త కాదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టంలోనే ఉంది. డెంటిస్టు, డెంటల్ హైజీనిస్టు, కట్టుడు పళ్ళు చేసే డెంటల్ మెకానిక్కు అని ముగ్గురిని ఆ చట్టం గుర్తించింది. డెంటిస్టూ డాక్టరూ కాకుండా పళ్ళ గార తీసి, శుభ్రం చేసి, పాలిష్ పెట్టేవాళ్ళు, లేదా పళ్ళ శుభ్రత ఎలాగో జనానికి నేర్పేవాళ్ళు హైజీనిస్టులని దాని సారాంశం. నేర్పడం కూడా అందులో ఉందని గమనించండి. ఈ ముగ్గురికీ రాష్ట్ర కౌన్సిల్ దగ్గర రిజిస్టర్లుంటాయి. అందులో పేరు లేనివాళ్ళు ఆ పని చేయకూడదు. సనద్ ఎంత పెద్ద ఫ్రేములో కట్టించి పెట్టుకున్నా సరే. 2023లో పార్లమెంటు ఈ పాత చట్టం స్థానంలోకి నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం తెచ్చింది. పైన బోర్డు మారుతుంది. తల్లిదండ్రులు అడగాల్సిన సవాల్ మాత్రం అదే: ఈ చదువుతో నా బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుందా, ఎక్కదా?

ఎక్కాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. వయసు పదిహేడు నిండాలి. గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్ళ డిప్లొమా చదవాలి. శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, పనిముట్ల శుద్ధి, చిగుళ్ళ జబ్బులు, ఆహారం ఇవన్నీ చదివి, ఆ కాలేజీ ఆసుపత్రిలో నిజం మనుషుల నోళ్ళ మీద చెయ్యి తిప్పాలి. ఆ తర్వాత ఇంతెహాన్, ఆ తర్వాత కౌన్సిల్ రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్‌ని గడువు దాటకుండా పునరుద్ధరించుకుంటూ ఉండాలి. ఇంతే. దారి చెప్పడానికి నాలుగు ముక్కలు. ఈ కోర్సు నడిపే కాలేజీలు తక్కువ కావడమే చిక్కు. బీడీఎస్ కాలేజీ ఉన్నంత మాత్రాన హైజీనిస్ట్ కోర్సు ఉన్నట్టు కాదు. కాలేజీకి గుర్తింపు ఉందా అని కాదు, ఈ కోర్సుకి, ఈ సంవత్సరానికి ఉందా అని అడగాలి. అదీ కాలేజీ వాళ్ళని కాదు, కౌన్సిల్‌ని. జవాబు రాతలో తీసుకోవాలి. బీసీ-ఈ కిందికి వచ్చేవాళ్ళు, బీసీ-బి కిందికి వచ్చే మన దూదేకుల బిరాదరీ వాళ్ళు కులం సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. ఫీజుల దగ్గర అది పనికొస్తుంది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి, దాచడం అమానత్‌లో ఖయానత్ అవుతుంది. మన ఊళ్ళల్లో హైజీనిస్టుకి ఉద్యోగాలు బోలెడు లేవు. బీడీఎస్ చదివినవాళ్ళే ఏటా చాలామంది బయటికొస్తున్నారు. చిన్న ఊరి డెంటిస్టు గార తీయడం తనే చేసుకుంటాడు, వేరే మనిషికి జీతమెందుకిస్తాడు? డెంటల్ కాలేజీలు, పెద్ద ఆసుపత్రులు, సైన్యంలో దంత విభాగం, నగరాల్లో పేరున్న క్లినిక్కులు, ప్రస్తుతానికి ఇవే చోట్లు. మొదట్లో జీతం కూడా తక్కువే. ఇదంతా భాంజీకి చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ తెర వెనక కూర్చోవడానికి డాక్టరు సార్ రాలేరు గదా మామూ" అంది.

నిజమే. పర్దా పాటించే ఆడవాళ్ళున్న ప్రతి టౌన్‌లో, బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో, లేడీ డెంటిస్ట్ పక్కన ఒక లేడీ హైజీనిస్ట్ కూర్చుంటే మన ఫుప్పులూ ఖాలాలూ నోరు తెరుస్తారు. మన దగ్గర గిరాకీ లేదనలేం, ఉన్న గిరాకీ నకాబ్ వెనకాల ఉంది. బందరులో 2023లో గవర్నమెంటు మెడికల్ కాలేజీ వచ్చింది. ఒకప్పుడు హజ్‌కి ఓడలెక్కిన రేవు అది. అక్కడే ఇలాంటి కోర్సులు కూడా వస్తే కృష్ణ జిల్లా ఆడపిల్లలు ఇల్లు వదిలి దూరం పోనక్కర్లేదని నా ఆశ. దువా చేయండి.

సౌదీ సంగతికొద్దాం, కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో రాసేది అదే. సౌదీలో ఆరోగ్య రంగంలో ఏ పని చేయాలన్నా సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ దగ్గర నమోదు కావాలి. దరఖాస్తు ముమారిస్ ప్లస్ అనే వాళ్ళ ఆన్‌లైన్ ఖాతాలో పెడతారు. మీ సనద్ అసలుదేనా అని డేటాఫ్లో అనే సంస్థ తస్దీఖ్ చేస్తుంది. ఎలాగంటారా? మీరు చదివిన కాలేజీకే, మీ పేరు రిజిస్టర్ చేసిన కౌన్సిల్‌కే నేరుగా రాసి అడుగుతుంది. మధ్యలో ఏజెంటు దస్తఖత్ పనికిరాదు. పనిచేసిన అనుభవం చూపిస్తే ఆ క్లినిక్‌నీ అడుగుతుంది. ఆ పైన కంప్యూటర్ మీద ఇంతెహాన్ ఉంటుంది, ప్రొమెట్రిక్ సెంటర్‌లో. ఇప్పుడు ఆలోచించండి, ఆరు నెలల సనద్‌కి కౌన్సిల్ ఏం జవాబిస్తుంది? ఈ పేరు మా దగ్గర లేదంటుంది. ఎనభై ఐదు వేలూ ఆ ఒక్క వాక్యంతో మునిగిపోతాయి. పైగా సౌదీ ప్రభుత్వం దంత వైద్యంలో తమ పౌరులకే ఎక్కువ ఉద్యోగాలు ఇవ్వాలని శాతం పెంచుకుంటూ పోతోంది. గల్ఫ్ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంటుందనుకోకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం రెండు మాటలు. అక్కడ హైజీనిస్ట్ ఉద్యోగం చాలా ఇజ్జత్ ఉన్నది. 2023 లెక్కల్లో వాళ్ళ మధ్యస్థ వార్షిక జీతం 87 వేల డాలర్ల పైనే. చాలామంది చేసేది అసోసియేట్ డిగ్రీ. ముందు చదవాల్సిన సైన్సు సబ్జెక్టులతో కలిపి మూడేళ్ళ దాకా పడుతుంది. ఆ కోర్సుకి కోడా గుర్తింపు ఉండాలి. దంత విద్యకి అక్కడ గుర్తింపు ఇచ్చే సంస్థ అది. తర్వాత నేషనల్ బోర్డ్ రాత పరీక్ష, ఆ తర్వాత చేతి పని చూపించే క్లినికల్ పరీక్ష. చాలా రాష్ట్రాల్లో అక్కడి దంత వైద్య చట్టం మీద ఇంకో చిన్న పరీక్ష, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. లైసెన్సు దేశానికంతా ఒకటి కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. ఇక్కడ చేసిన డిప్లొమా తీసుకుని విమానం దిగితే నేరుగా పనిలో చేరేది లేదు.

ఇందులో ఒక సందు ఉంది. బీడీఎస్ చదివి, పెళ్ళయ్యి భర్త వెంట అమెరికా వెళ్ళి, అక్కడ ప్రాక్టీసుకి వీల్లేక ఇంట్లో కూర్చున్న తెలుగు ఆడపిల్లలు ఎంతమందో. డెంటిస్ట్ కావాలంటే మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి, ఆ ఫీజు చెబితే ఇక్కడ పొలాలు అమ్మాలి. ఫ్లోరిడా రాష్ట్రం మాత్రం విదేశంలో దంత వైద్యం చదివినవాళ్ళని హైజీనిస్ట్ లైసెన్సు పరీక్షలకి రానిస్తుంది. నాకు తెలిసిన ఒక బందరు కుటుంబం కోడలు అలాగే చేసింది. డాక్టర్ అయ్యుండి హైజీనిస్ట్‌గా దిగడమా అని అత్తగారు ముఖం ముడుచుకుంది. కోడలు మొదటి జీతంతో అత్తగారికి ఉమ్రా టికెట్ కొంది. ముడత విప్పుకుందో లేదో నేను అడగలేదు. వర్క్ పర్మిట్ లేకుండా లైసెన్సు ఉన్నా పని చేయకూడదు, అది వేరే తలనొప్పి, వీసా సంగతి లాయర్‌ని అడగండి.

మా భాంజీ దగ్గరికొస్తాను. ఝుమ్కాలు ఆపా చెవులకే ఉన్నాయి, అల్హమ్దులిల్లాహ్. రెండేళ్ళ డిప్లొమాకి దరఖాస్తు పెట్టింది, సీటు సంగతి ఇంకా తేలలేదు. ఖాళీగా కూర్చోనని అవనిగడ్డలో ఒక క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది. డీఎస్సీ కోచింగ్ పిల్లలతో నిండిపోయిన బస్సులో పొద్దున్నే పోతుంది, మగ్రిబ్‌కి ముందే ఇంటికొస్తుంది. పేషెంట్లని పిలవడం, పనిముట్లు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టడం, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడం దాని పని. నెల తిరిగేసరికి అక్కడి వాళ్ళు "చెయ్యి బాగుంది, స్కేలింగ్ నువ్వే చేసెయ్యి, కేసుకింత ఇస్తాం" అన్నారు.

చాలా చోట్ల ఇలాగే జరుగుతుంది. నాలుగు రోజులు చూసిన పిల్ల చేత స్కేలింగ్ చేయిస్తారు. కుర్చీలో పడుకున్న మనిషికి ఎవరు చేస్తున్నారో తెలియదు. మాస్కు వేసుకున్నవాళ్ళంతా డాక్టర్లలాగే కనపడతారు. అది ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆపా కళ్ళల్లో ఆ డబ్బు మెరిసింది, దాచను. నెలకి ఇంకో నాలుగు వేలు వచ్చేవి. ఆ ఇంట్లో నాలుగు వేలంటే కరెంటు బిల్లు, గ్యాసు, అమ్మీ మందులు.

భాంజీ మర్నాడు వెళ్ళి, "సార్, నా పేరు రిజిస్టర్‌లో లేదు. ఎక్కాక చేస్తాను" అందట.

"ఎవరు చూస్తారు?" అన్నారట.

ఏమన్నావని నేను అడిగాను. "ఏమీ అనలేదు మామూ, వెళ్ళి ట్రేలు కడిగాను" అంది. ఉద్యోగం పోతుందేమోనని వారం రోజులు ఇంట్లో అందరం బిక్కుబిక్కుమన్నాం. పోలేదు. ఆ నాలుగు వేలు మాత్రం రాలేదు. ఆపా ఇప్పటికీ అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తుంది.

ఇంక మిగిలింది కాగితాల ఫిక్ర్. మన ఇళ్ళల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, తస్దీఖ్‌లో సగం దరఖాస్తులకి ఇక్కడే మెలిక పడుతుందని గల్ఫ్ వెళ్ళొచ్చిన నర్సులు చెబుతారు. మన ఇంటిపేరు చూడండి. ఇంగ్లీషులో ఒకచోట షేక్ అని పూర్తిగా రాస్తారు, ఒకచోట ఎస్ కే అని రెండక్షరాలతో సరిపెడతారు, ఒకచోట చివర హెచ్ తగిలించి షేఖ్ చేస్తారు. బేగం ఒక కాగితంలో ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. మా భాంజీకి పదో తరగతి మెమోలో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, ఇంటర్ మెమోలో మూడో రకం. పుట్టిన తేదీ కూడా బర్త్ సర్టిఫికెట్లో రెండు రోజులు తేడా. కోడూరులో ఇది ఎవరికీ అడ్డం రాలేదు. రియాద్‌లో కంప్యూటర్‌కి ఆ ముగ్గురూ ముగ్గురు వేర్వేరు అమ్మాయిలు.

కాగితం విలువ మా ఇంట్లో తెలియక కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో అబ్బా ట్రంకు పెట్టె కొట్టుకుపోయింది. అందులో ఆయన చదువు కాగితాలున్నాయి. ప్రాణాలతో మిగిలాం, అదే కరమ్ అని ఆ తర్వాత ఎన్నడూ వాటి ఊసెత్తలేదు. నకళ్ళ కోసం తిరగనూ లేదు. చదువుకున్న మనిషి జీవితాంతం ధాన్యం కొట్లో గుమస్తాగానే ఉండిపోయారు. భాంజీ ప్లాస్టిక్ ఫైలు కొని అన్ని కాగితాలూ అందులో వరసగా పెట్టుకుంటుంటే ఆయన మంచం మీద నుంచి చూస్తూ, "దానికి తాళం ఉందా?" అని అడిగారు.

పదో తరగతి మెమో మూలం కాబట్టి, మిగతావన్నీ దాని ప్రకారం మార్పించాలని తేల్చాం. ముందు ఆధార్, తర్వాత ఇంటర్ బోర్డుకి అర్జీ, అదయ్యాకే పాస్‌పోర్టు. ముందు పాస్‌పోర్టు తీసుకుని తర్వాత మెమో దిద్దుకుందామనుకుంటే అది చుట్టూ తిరిగే గానుగ. సోమవారం దూలాభాయ్ కొట్టు మూసి, ఆ ఫైలు చంకలో పెట్టుకుని భాంజీతో కలిసి అవనిగడ్డ బస్సెక్కారు. ఆధార్ సెంటర్ దగ్గర టోకెన్ నంబరు నలభై ఏడు వచ్చిందని మధ్యాహ్నం ఫోన్ చేశారు. జొహర్ అయ్యాక మళ్ళీ చేస్తే ఇంకా ముప్పై రెండు దగ్గరే ఉన్నామన్నారు.